కడిగిన సీసాకు నిచ్చెన

బీదరు మంగల్‌పేటలో హేబ్సిబమ్మ ఇల్లెక్కడ అని అడిగితే "ఏ హేబ్సిబమ్మ?" అనేవాళ్లు. సీసాల హేబ్సిబమ్మ అంటే మాత్రం మారుమాట లేకుండా డాక్టరు విద్యాసాగర్ గారి దవాఖానా వైపు చెయ్యి చూపించేవాళ్లు. ఆ దవాఖానాలో మందు సీసాలు కడగడం ఆమె పని. పెళ్లయిన కొత్తలో చేరింది, మొగుడు బర్నబా పోయాక కూడా మానలేదు. సోడా నీళ్లలో నాని నాని అరచేతులు పగిలిపోయాయి. వంగి వంగి నడుము పట్టేసింది. నోటికి మాత్రం ఏమీ కాలేదు. ఆ నోటికి దడిసి కంపౌండరు అంబాదాస్ కూడా చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చేవాడు.

మైసూరు రాష్ట్రం రోజులవి. ఇప్పుడు చెబితే నవ్వుతారు గానీ, అప్పుడు దవాఖానాకు పోయే మనిషి చేతిలో ఖాళీ సీసా పట్టుకుని పోవాలి. అంబాదాస్ పెద్ద జాడీలోంచి అందులో మందు పోసి, మోతాదుల గాట్లు కత్తిరించిన కాగితం పట్టీ ఒకటి పక్కన అతికించి ఇచ్చేవాడు. సీసా లేనివాడు చెంబులో పోయించుకునేవాడు. సగం దారిలో ఒలికేది. మిగతా సగం ఇంటికెళ్లి ఒక్క గుక్కలో మింగి, తగ్గలేదని మళ్లీ వచ్చేవాడు.

ఊళ్లో సీసాలు లేవా? ఎందుకు లేవు, కావలసినన్ని! దవాఖానా గడప దాటిన సీసా మళ్లీ మొహం చూపిస్తేనా? ఒకరింట్లో అందులో ఆముదం, ఇంకొకరింట్లో దీపంలోకి గ్యాసునూనె, మరొకరి గూట్లో ఖాళీగా దుమ్ము కొట్టుకుంటూ, ఎప్పుడైనా అక్కరకు రాదా అని. హేబ్సిబమ్మ ఇల్లిల్లూ తిరిగి అడిగింది, బతిమాలింది, తిట్టింది. ఇచ్చిన పుణ్యాత్ములు తక్కువ.

వచ్చిన సీసాకు మాత్రం ఒక పద్ధతి ఉండేది. చేతికి రాగానే బిరడా తీసి, మూతి దగ్గర ముక్కు పెట్టేది. ఆముదమైతే వేడినీళ్లు, గ్యాసునూనె అయితే బూడిదా సోడా. అదేమిటో అంతుపట్టని వాసన వచ్చిందంటే ఇంకో మాట లేదు, దవాఖానా వెనకాల నల్లబండకేసి పగలగొట్టడమే. "మనిషి అబద్ధమాడుతడు గని సీసా ఆడదు," అనేది.

ఒకరోజు దవాఖానా వరండాలో, తల్లుల వంతు కోసం ఎదురుచూస్తున్న పిల్లలు బండల మీద బొగ్గుతో వైకుంఠపాళి గీసుకుని ఆడుతున్నారు. ఒకడు పాము నోట్లో పడి కిందికొచ్చాడు. వాడు ఏడ్చిన ఏడుపు చూడాలి! నిజంగా పాము కరిచినా అంత ఏడవడు. హేబ్సిబమ్మ చేతిలో కడుగుతున్న సీసా అలాగే ఉండిపోయింది. ఓరి దేవుడా, బొగ్గు గీతల కోసం ఇంత ప్రాణం పెడతారా వీళ్లు?

మర్నాటికల్లా వరండా గోడంతా సున్నం కొట్టించి, ఎర్రమట్టి జాజుతో పెద్ద పటం గీసింది. గల్లీకో గుర్తు. మంగల్‌పేటకు చేప, కుమ్మరి గల్లీకి కుండ, చౌబారా బురుజు పక్క గల్లీకి చాంద్, అదే నెలవంక. సీసా తెస్తే ఒక గడి ముందుకు. పగిలిన మూతి సీసా అంటగట్టినా, కంపు కొట్టే సీసా తెచ్చినా పాము. శుభ్రంగా కడిగి, ఎండబెట్టి, బిరడాతో సహా తెస్తే నిచ్చెన. ముందు పైకెక్కిన గల్లీ పిల్లలకు డాక్టరు గారి నల్ల మోటారులో కోట దాకా సవారి. డాక్టరు గారు నవ్వి సరే అన్నారు. పాస్టరు గారు మాత్రం వచ్చి గోడ చూసి గతుక్కుమన్నారు.

"హేబ్సిబమ్మా, మనం ప్రార్థన చేసే జాగల ఈ వైకుంఠపాళి ఏందమ్మా?"

"యాకోబుకు కలల నిచ్చెన అవుపడలేదా అయ్యగారూ? ఏదెను తోటల పాము లేదా? నేను కొత్తగ ఏం గీసిన?"

ఆయన గొడుగు తీసుకుని వెళ్లిపోయారు.

ఇక చూడండి! సీసాలు వరదలా వచ్చి పడ్డాయి. కోడళ్లు అత్తల ఆముదం గిన్నెల్లోకి ఒంపి సీసా పట్టుకుని పరిగెత్తారు. గల్లీల మధ్య మాటలు ఆగిపోయాయి. అందరికంటే ఎక్కువ పట్టింది కుమ్మరి గల్లీ సూర్యకళకు. పడుచు ఇల్లాలు, చలాకీ మనిషి. ఓడిపోవడమంటే ఆమెకు ఒళ్లంతా కారం రాసుకున్నట్టే. తన గల్లీ పిల్లలందరినీ వెంటేసుకుని ఊరంతా జల్లెడ పట్టేది. హేబ్సిబమ్మకు సోడాతో పని సగం తగ్గింది. నిజం చెప్పాలంటే, ఆ కడిగిన సీసాకు నిచ్చెన అనే నియమం ఆమె తన నడుము కోసమే పెట్టుకుంది. అది ఎవరికీ చెప్పలేదు.

ఆ శనివారం పొద్దున సూర్యకళ ఒక సీసా తెచ్చింది. నల్లటి మందపాటి గాజు, గట్టి బిరడా, అద్దంలా మెరుస్తోంది. హేబ్సిబమ్మ అలవాటుగా ముక్కు పెట్టింది. కుంకుడుకాయ వాసన తప్ప ఏమీ లేదు. ఇంత శుభ్రమైన సీసాను అనుమానించాలని ఎవరికి తోస్తుంది? కుండ గుర్తు తుడిచి నిచ్చెన పైన గీసింది. సీసాను ఒక్కసారి వేడినీళ్లలో తిప్పి మందుల అలమరలో పెట్టింది.

మధ్యాహ్నం అయ్యేసరికి మంగల్‌పేట పిల్లలు మరో బుట్టెడు సీసాలు తెచ్చారు. చేప కుండను దాటిపోయి, పై వరుసకు చేరింది. ఆ కబురు కుమ్మరి గల్లీకి చేరడమే ఆలస్యం, సూర్యకళ కొంగు నడుముకు చుట్టుకుని ఊగిపోతూ వచ్చింది. వెనక గల్లీ పిల్లల దండు.

"ఇది అన్యాలం అక్కా! నీ గల్లీ అని చేపను ఎక్కిస్తున్నవ్. వాళ్లు తెచ్చినయి ఉత్త నీళ్లల్ల ముంచినయి. నా సీసాకు ఇంకో నిచ్చెన రావాలె. ఎంత తోమిన ఎరికేనా? బూడిదేసి తోమిన, చింతపండేసి తోమిన, బిరడాను కుంకుడు నీళ్లల్ల ఉడకబెట్టిన. ఊకెనే పోతదా ఆ కంపు? మా తమ్ముడు పత్తి చేన్ల కొట్టే మందు..."

అని నాలుక కరుచుకుంది.

హేబ్సిబమ్మ చేతిలో బొగ్గుముక్క గోడ మీదే ఆగిపోయింది.

"ఏం మందు?"

"ఏం లేదక్కా."

"పత్తి చేన్ల కొట్టే మందన్నవ్."

"నేనెప్పుడన్నా? మంచినూనె సీసా అది. మా తమ్ముని ఇంట్లది. మంచినూనె."

హేబ్సిబమ్మ వెనక్కి తిరిగి పరిగెత్తింది. నడుము పట్టేసిన మనిషి అంత పరుగు ఎలా తీసిందో ఆమెకే తెలియదు. అలమరలో సీసాలన్నీ తెల్లగా నిలబడి ఉన్నాయి. నల్లది లేదు.

"అంబాదాస్, ఇక్కడ నల్ల సీసా ఉండె. ఏది?"

"గట్టి బిరడాదా? చిమ్కోడు ఊరి విజయమ్మకిచ్చిన. చిన్న పోరికి దగ్గు. బస్సుల పోతది గదా, ఒలకదని అదే ఏరి ఇచ్చిన." అంబాదాస్ మెచ్చుకుంటుందేమో అనుకున్నాడు. "బాగ కదిపి తాపియ్యమని గుడ చెప్పిన."

"బస్సు?"

"పోయి చానా సేపయింది."

 కదిపిన ప్రతిసారీ మందు ఆ బిరడాకు తగులుతుంది. గాజును కడగొచ్చు గానీ, బెండు లోపల పీల్చుకున్నది ఎవరు కడుగుతారు? హేబ్సిబమ్మ డాక్టరు గారి గదిలోకి దూసుకుపోయి ఉన్న మాట చెప్పేసింది.  ఆయన పెట్టెలో సూదులు సర్దుతూనే అడిగారు.

"నూనె అంటుంది, మందు అంటుంది. ఏదమ్మా నిజం? పురుగుమందుల్లో కూడా రకాలుంటాయి. ఒకదానికి పనికొచ్చే సూది ఇంకొకదానికి పనికిరాదు. ఏదో తెలియకుండా ఆ పసిదానికి నేనేం పొడవను?"

హేబ్సిబమ్మ మళ్లీ వరండాలోకి వచ్చింది. సూర్యకళ స్తంభం పట్టుకుని నిలబడి ఉంది.

"చెప్పు. ఏముండె అండ్ల?"

"మంచినూనె అక్కా. ఒట్టు."

"చిన్నపిల్ల తాగుతది దాన్ని! ఒట్టు పెడుతున్నవ్, నోరు పడిపోతది!"

చెయ్యెత్తింది. కొట్టేదే. కానీ సూర్యకళ కళ్లు ఆమె చేతిని చూడడం లేదు. గోడను చూస్తున్నాయి. కుండ గుర్తు పక్క గడిలోనే పెద్ద పాము నోరు తెరుచుకుని ఉంది, దాని తోక అడుగు వరుసలో ఉంది. వెనకాల కుమ్మరి గల్లీ పిల్లలు నోళ్లు తెరిచి సూర్యకళ మొహంలోకే చూస్తున్నారు. విషం సీసా తెచ్చిందంటే పాము. అన్నాళ్లు ఊరంతా తిరిగిన తిరుగుడు బూడిదలో పోసిన పన్నీరు. పిల్లల ముందు తల ఎత్తుకోలేదు. ఎక్కడో చిమ్కోడులో ఉన్న పిల్ల ఆమెకు కనబడడం లేదు, ఈ పిల్లలే కనబడుతున్నారు.

హేబ్సిబమ్మకు అప్పుడు అర్థమైంది. తనకు తానే ఉరి వేసుకున్నట్టు అనిపించింది. ఈ పామును గీసింది ఎవరు? ఈ చేతులే కదా!

ఎత్తిన చెయ్యి దించి బొగ్గుముక్క తీసుకుంది. కుండను కింద తుడిచేసింది. పటం కొసన, అన్నిటికంటే పై గడిలో, పెద్ద కుండ గీసింది.

"గెలిసిన్రు," అంది. "కుమ్మరి గల్లీ గెలిసింది. పాము లేదు, ఏం లేదు. ఇగ ఎవ్వరు దించరు మిమ్ముల. ఇప్పుడు చెప్పు బిడ్డా, అండ్ల ఏముండె?"

మంగల్‌పేట పిల్లలు లబోదిబోమన్నారు. "నీది ఏ గల్లీ అవ్వా?" అని ఒక పిల్ల గట్టిగా ఏడ్చింది. హేబ్సిబమ్మ వినలేదు.

సూర్యకళ గోడ వంక చూసింది.  ఒక్కసారిగా భోరుమంది.

"పురుగుమందే అక్కా! మా తమ్ముడు విఠల్ చేన్ల కొట్టిండు. పుర్రె బొమ్మ కాగితముండె, నేనే గోరుతోటి గీకేసిన. తోమితే పోతది గదా అనుకున్న. పోదా అక్కా?"

డాక్టరు గారు పెట్టె పట్టుకుని గుమ్మంలో ఉన్నారు. "నీళ్లలో పోస్తే పాలలాగా అవుతుందా? వాసన ఎలా ఉంటుంది?"

"పాల లెక్కనే అయితది సారూ. ఎల్లిపాయ కంపు."

ఆయన మళ్లీ లోపలికి పోయి, దానికి పనికొచ్చే సూదిమందు బుడ్లన్నీ జేబుల్లో పోసుకొచ్చారు. "ఎక్కండి!" అని అరిచారు.

ఎక్కితే సరా? ఆ ముసలి మోటారు కదలదే! అంబాదాస్ ముందు కడ్డీ పెట్టి తిప్పుతాడు, అది దగ్గి ఊరుకుంటుంది. అప్పుడు చేప పిల్లలూ కుండ పిల్లలూ చాంద్ పిల్లలూ, అంతకుముందు దాకా ఒకరి జుట్టు ఒకరు పీక్కున్నవాళ్లు, అందరూ వెనక చేరి తోశారు. మోటారు ఒక్క కుదుపుతో అందుకుంది. వెనక సీట్లో సూర్యకళ జీవితంలో మొదటిసారి మోటారు ఎక్కింది. ఎక్కినట్టు కూడా తెలియలేదు ఆమెకు.

చిమ్కోడు దారి ఎర్రమట్టి, గతుకులు. సంత నుంచి తిరిగి పోతున్న బండ్లు అడ్డం. డాక్టరు గారు హారను మీద నుంచి చెయ్యి తియ్యలేదు. ఎదురుగా ఖాళీ బస్సు తిరిగి వస్తూ కనబడింది. అంటే విజయమ్మ ఎప్పుడో దిగిపోయింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరంతా అంటారు, అననీ. పిల్ల బతికితే చాలు. హేబ్సిబమ్మ ప్రార్థన మొదలుపెట్టింది. "ప్రభువా, ఆ నిచ్చెన నా నడుం కోసం గీసుకున్న. నా నడుం ఇరుగగొట్టు. పిల్ల మీదికి తేకు," అని అదే మాట అంటూ కూర్చుంది.

ఊరి మొదట్లోనే విజయమ్మ ఇల్లు. వాకిట్లో ఆడవాళ్లు గుమిగూడి ఉన్నారు. అది చూడగానే సూర్యకళ "అయ్యో నా తల్లీ" అని చేతులతో మొహం కప్పుకుంది.

లోపల విజయమ్మ ఒడిలో నాలుగేళ్ల గంగి. నోటి నుంచి చొంగ కారుతోంది. ఒళ్లంతా చెమట, కాళ్లు అదురుతున్నాయి. గూట్లో నల్ల సీసా. కాగితం పట్టీ మీద మొదటి గాటు కిందికి దిగి ఉంది మందు.

"జల్ది తగ్గాలని రాంగనే తాపిన డాక్టరు సాబ్," అంది విజయమ్మ. "తాపినకాడి నుంచి కక్కుతాంది. ఏం మందిచ్చిన్రు నా బిడ్డకు?"

డాక్టరు గారు పిల్ల పక్కన మోకాళ్ల మీద కూర్చున్నారు. కనురెప్పలు ఎత్తి చూశారు, సూది పొడిచారు. నాడి పట్టుకుని కూర్చున్నారు. మళ్లీ పొడిచారు. హేబ్సిబమ్మ ఆ పిల్ల రెండు పాదాలూ తన పగిలిన అరచేతుల్లో పట్టుకుంది. మంచులా ఉన్నాయి.  పిల్ల ఊపిరి గురగుర మాత్రం వినబడుతోంది, అది ఆగితే ఏమిటని అందరూ దాన్నే వింటున్నారు.

"ఏమైందో చెప్పవమ్మా," అంది విజయమ్మ హేబ్సిబమ్మతో.

సూర్యకళ నోరు తెరిచింది. హేబ్సిబమ్మ వెనక్కి చూడకుండానే మోచేత్తో ఆమెను పొడిచి ఆపింది.

"మందుల తప్పు లేదు బిడ్డా. సీసా మంచిది కాదు. అది నా చేతికెల్లి పోయింది. ముక్కు పెట్టి చూసి గుడ పంపిన. నువ్వు తిట్టాలంటే నన్ను తిట్టు."

విజయమ్మ తిట్టింది. ఆ తిట్లు ఇక్కడ రాయడం ఎందుకు, ఏ తల్లయినా అవే తిడుతుంది. హేబ్సిబమ్మ పాదాలు వదలకుండా అన్నీ విన్నది. తిట్టీ తిట్టీ విజయమ్మ ఏడుస్తుండగా, ఆ చేతుల్లో పాదం ఒకటి కదిలింది. అదురు కాదు, పిల్ల తనంతట తానే లాక్కుంది. డాక్టరు గారు కళ్లు మూసుకుని గట్టిగా ఊపిరి వదిలారు.

"బండిలో పడుకోబెట్టండి. దవాఖానాకు తీసుకుపోదాం. గండం గడిచినట్టే ఉంది, కానీ నా కళ్ల ముందు ఉండాలి."

కోట దాకా పోవలసిన సవారి అలా గంగికి దక్కింది. బీదరు పొలిమేరల్లో అది కళ్లు తెరిచి, "అవ్వా, ఇది బస్సా?" అని అడిగింది. సూర్యకళ కిటికీ వైపు తిరిగి వెక్కి వెక్కి ఏడ్చింది. "చెప్పేసినవు గనుక బతికింది. చెప్పకుంటే ఎట్లుండెనో," అంది హేబ్సిబమ్మ. అంతకంటే మెత్తగా మాట్లాడడం ఆమెకు చేతకాదు.

గంగి లేచి నడిచి ఇంటికి పోయిన మర్నాడు, హేబ్సిబమ్మ అలమరలోని సీసాలన్నీ బుట్టల్లో దవాఖానా వెనక్కి మోసింది. కడిగి తెచ్చిన సీసాలు, నిచ్చెనలు ఎక్కించిన సీసాలు. నల్లబండ ముందు నిలబడి ఒక్కొక్కటే పగలగొట్టింది. ఎవరి సీసా వాళ్లు గుర్తుపట్టి పిల్లలు గగ్గోలు పెట్టారు.

"అన్నీనా హేబ్సిబమ్మా?" అన్నారు డాక్టరు గారు, తట్టుకోలేక. "వీటిలో మంచివే ఎక్కువ."

"ఏది మంచిదో నాకు తెల్వదు సారు. కడిగి తెమ్మని, తెల్వకుండ నేనే చేసుకున్న."

మళ్లీ జనం చెంబులతో వచ్చారు. మళ్లీ మందు దారిలో ఒలికింది. ఒక వారం ఊరుకుని, హేబ్సిబమ్మ మళ్లీ సున్నం కలిపింది. పటం అదే, పాములు అవే, నిచ్చెనలూ అవే. నియమం మాత్రం తిరగబడింది. కడగకుండా, లోపల ఏముండేదో నిజం చెప్పి తెచ్చిన సీసాకు నిచ్చెన. కడిగిన సీసాకు పాము. కడిగే పని మళ్లీ మొత్తం ఆమె నడుము మీదే పడింది. ఆమె ఒక్కనాడూ అబ్బా అనలేదు.

కుమ్మరి గల్లీ పిల్లలకు మాటిచ్చిన సవారి కూడా ఇప్పించింది. పిల్లలు కోట దాకా అరుచుకుంటూ పోయారు. సూర్యకళను కూడా ఎక్కమంటే ఎక్కలేదు. "నా సవారి అయిపోయిందక్కా," అంది. ఆ తర్వాత చాలా రోజులు దవాఖానా గల్లీలోకే రాలేదు.

వచ్చిన రోజున వరండా నిండా జనం. సూర్యకళ తాడుకు కట్టిన సీసా ఒకటి ఒంటికి దూరంగా పట్టుకుని, అందరి మధ్య నుంచి నడిచి వచ్చింది. పుర్రె బొమ్మ కాగితం చెక్కుచెదరలేదు. ఎల్లిపాయ కంపు ఆమె కంటే ముందొచ్చింది. జనం కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకుని తప్పుకున్నారు.

"అక్కా, ఇది మా తమ్ముంది. పురుగుమందుది," అంది అందరికీ వినబడేలా. "కడగలేదు."

హేబ్సిబమ్మ సీసా అందుకుంది. వెనక్కి పోయి, బావికి ఎడంగా మోకాలి లోతు గుంత తవ్వి, సీసాను అందులో పెట్టి రాయితో పగలగొట్టి పూడ్చింది. చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చి బొగ్గుముక్క తీసుకుంది. కుండ గుర్తు తుడిచి, నిచ్చెన పైన మళ్లీ గీసింది.